రాయి ఒక మాట, శాసనం ఒక మాట, ఊరు ఒక మాట

(నాలుగు రోజుల ఆలయ యాత్రకు బయల్దేరే ముందు సాయంత్రం హనుమకొండలో యాత్రికులతో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. పొద్దుటి నుంచీ ప్రయాణాలు చేసి వచ్చారు. భోజనాల వేళ దగ్గరపడుతోంది. అయినా ఒక గంట ఇవ్వమని నేనే అడిగి తీసుకున్నాను. గుడి ముందు నిలబడ్డాక ఇవన్నీ చెప్పడానికి వీలుండదు. అక్కడ ఎండ ఉంటుంది, ఫోన్లు బయటికొస్తాయి, వెనక ఇంకో బస్సు వాళ్లు వచ్చి నిలబడతారు. చెప్పుకోవాల్సింది ఇక్కడే చెప్పుకుంటే అక్కడ చూడ్డానికి తీరిక దొరుకుతుంది.

నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక ఇలా యాత్రల వెంట తిరుగుతున్నాను. రామప్ప గుడికి మొదటిసారి వెళ్లింది మాత్రం కాలేజీ రోజుల్లో. ఇరవై నిమిషాలున్నాం. అక్కడ ఒకాయన ఒక శిల్పాన్ని వేలితో తట్టి, సరిగమలు పలుకుతాయి వినండన్నాడు. మేమందరం వరుసగా తట్టాం. నంది పక్కన ఫొటో దిగాం, బస్సెక్కేశాం. ఇంటికి వచ్చాక మా నాన్న అడిగారు, ఏం చూశావురా అని. రాయి పాడుతుంది నాన్నా అన్నాను. ఇంకా? అన్నారు. ఇంకేమీ చెప్పలేకపోయాను. గుడి ఏ రాయితో కట్టారో, ఎవరు కట్టించారో, పైన గోపురం ఎలా ఉందో, ఒక్కటీ గుర్తులేదు. అంత దూరం పోయి ఒక చప్పుడు మోసుకొచ్చాను.

తరవాత చాలా ఏళ్లకు, మా బడి పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్లాను. అప్పటికి నేను చెప్పే మనిషినయ్యాను కదా. ఈ గుడిని చెక్కిన శిల్పి పేరు రామప్ప, దేవుడి పేరుతో కాకుండా శిల్పి పేరుతో పిలిచే గుడి ఇది, అని గొంతెత్తి చెప్తున్నాను. ఏడో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, అది ఎక్కడ రాసుంది?" అంది.

ఆ పాప అల్లరికి అడగలేదు. నిజంగానే ఎక్కడ రాసుందో వెళ్లి చూద్దామనుకుంది. నాకు జవాబు లేదు. ఆవరణలోనే ఒక చిన్న మండపంలో శాసన స్తంభం ఉంది. నేను దాని పక్కనుంచే రెండుసార్లు నడిచి వచ్చాను, ఆగలేదు. ఆ శాసనంలో ఏముందో ఇంటికి వచ్చి పుస్తకాల్లో వెతుక్కున్నాను. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడని, దేవుడి పేరు రుద్రేశ్వరుడని, శక సంవత్సరం 1135 అని, అంటే మన లెక్కలో 1213 అని ఉంది. రామప్ప అన్న పేరు ఊరు చెప్పే మాట, జనం తరతరాలుగా నిలబెట్టుకున్న మాట. అది తక్కువదని నేననను. కానీ శాసనం చెప్పిన మాట వేరు, ఊరు చెప్పిన మాట వేరు. నేను రెండూ కలిపి ఒక్క మాటగా చెప్పేశాను. ఆ అమ్మాయి విడదీసింది.

ఈ నాలుగు రోజులూ మీరు పట్టుకోవాల్సింది అదొక్కటే. ప్రతి గుడి దగ్గరా మూడు గొంతులు వినిపిస్తాయి. రాయి ఒక మాట చెబుతుంది, శాసనం ఒక మాట చెబుతుంది, ఊరు ఒక మాట చెబుతుంది. మూడూ వినండి. ఏది ఎవరు చెప్పారో మాత్రం మరిచిపోకండి. మీ గైడు ఏం చెప్పినా, నేను చెప్పినా సరే, "ఎలా తెలుసండీ?" అని అడగండి. మంచి గైడు నొచ్చుకోడు. ఇదిగో ఈ రాతిలో కనిపిస్తోందనో, శాసనంలో ఉందనో, మా తాత చెప్పాడనో అంటాడు. ఏ జవాబైనా జవాబే.

సరే, రేపటి సంగతి. రేపు పొద్దున్నే ఇక్కడే, వేయిస్తంభాల గుడి. చాలామంది పోయీ పోగానే స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. మీరు ముందు గర్భాలయాలు లెక్కపెట్టండి. మూడుంటాయి. శివుడికొకటి, వాసుదేవుడికొకటి, సూర్యుడికొకటి. మూడింటికీ కలిపి నడుమ ఒకటే రంగమండపం. దీన్ని త్రికూటాలయం అంటారు. మండపం మధ్యలో నిలబడి నెమ్మదిగా చుట్టూ తిరిగి చూస్తే ఆ పథకం కాళ్లకే అర్థమవుతుంది. కాగితం మీద గీసి చూపించాల్సిన పని లేదు.

ఇక్కడి శాసనం శకం 1084, మాఘమాసం. ఒక చిన్న కిటుకు చెప్తాను, ఎక్కడైనా పనికొస్తుంది. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. మాఘ, ఫాల్గుణాలైతే జనవరి దాటిపోతుంది కాబట్టి 79 కలపాలి. ఆ లెక్కన ఇది 1163. భాష సంస్కృతం, లిపి మాత్రం మన తెలుగు-కన్నడ పాతలిపి. పూర్తిగా చదవలేరు, కానీ ఓపికగా చూస్తే గ, న, ర లాంటి అక్షరాలు కొన్ని పోల్చుకోవచ్చు. మా పిల్లలకు అదొక పోటీ పెట్టేవాణ్ణి. ఎవరికి ఎన్ని అక్షరాలు దొరికితే అన్ని మార్కులు. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి అక్షరాన్ని పోల్చుకున్నప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి మీరు.

ఈ శాసనం ఎందుకు ముఖ్యమంటే, కాకతీయులు అంతవరకు కల్యాణి చాళుక్యులకు సామంతులు. కాకతీయ రాజు రుద్రదేవుడు సొంతంగా ఏలడం మొదలుపెట్టిన సంగతి ఈ గుడి కట్టిన సందర్భంలో రాయించాడు. అంటే మీరు నిలబడేది ఒక రాజ్యం తన పేరు తాను చెప్పుకున్న చోట. ఇప్పుడు రాయి చెప్పే మాట వినండి. స్తంభాల నునుపు, వాటి మీద పొరలు పొరలుగా కోసిన గుండ్రని కోతలు, ఆ పనితనం చాళుక్యుల దగ్గర నేర్చుకున్నదే. చేతికింద ఉండటం మానేశారు, చేతిపని మాత్రం ఉంచుకున్నారు. శాసనం ఒకటి చెబుతుంటే రాయి దాని పక్కన ఇంకొకటి చెప్పడమంటే ఇదే.

ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని కూడా తొందరపడకుండా చూడండి. అది కుంగిపోయి, ఒరిగిపోయి ఉంటే పురావస్తు శాఖ వాళ్లు మొత్తం విప్పేశారు. రాయి రాయికీ నంబరు వేసి, పునాది నుంచి మళ్లీ కట్టుకొచ్చారు. ఏళ్లు పట్టింది. 2024 శివరాత్రికి తిరిగి తెరిచారు. నేను ఆ రాళ్లు గడ్డిలో వరసలుగా పడుకోబెట్టి ఉన్న రోజుల్లో చూశాను, ఆసుపత్రి వార్డులా ఉండేది. ఇప్పుడు లేచి నిలబడ్డాయి. కొత్తరాయి ఎక్కడ వేశారో, పాతరాయి ఎక్కడుందో రంగును బట్టి గుర్తుపట్టండి.

మధ్యాహ్నం ఓరుగల్లు కోట. అక్కడ గుడి లేదు, దాని వాకిళ్లున్నాయి. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం 1323లో ఢిల్లీ సేనలు కోటను గెలిచాక పోయింది. తోరణం కింద నిలబడి ఎదురుగా ఉన్న ఇంకో తోరణం వైపు చూస్తే ఆ గుడి ఎంతుండేదో కళ్లకు కడుతుంది. నేల మీద పడున్న స్తంభాలు, దూలాలు, శిల్పాల ముక్కలు కూడా చూడండి. నిలబడి ఉన్న గుడిలో దూలం పైముఖం మనకెప్పుడూ కనబడదు. ఇక్కడ పడి ఉంది కాబట్టి కనబడుతుంది. ఒక రాయికి ఇంకో రాయి ఎలా అతికించేవారో, కుసి, అంటే పొడుచుకొచ్చిన ముక్క ఎక్కడ, అది దూరే తొలి ఎక్కడ, అన్నీ తెలుస్తాయి. గుడి కట్టడం నేర్చుకోవాలంటే నా మటుకు నాకు ఓరుగల్లు కోటను మించిన బడి లేదు.

ఇక ఎల్లుండి పాలంపేట, రామప్ప గుడి ఉన్న ఊరు. ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను, మీరూ ఆగాలి. వరంగల్ నుంచి సుమారు 65 కిలోమీటర్లు. గుడి తూర్పుముఖం. అందుకే చీకటితో బయల్దేరమని చెప్పాను. పొద్దెక్కితే ఆ వెలుగు దొరకదు.

బస్సు దిగగానే లోపలికి పోవద్దు. ఆవరణలో గడ్డి మీద పది నిమిషాలు కూర్చోండి. గుడిని కింద నుంచి పైకి చూడండి. మన వాస్తులో గుడి అంటే ఒక మనిషి. కింద అధిష్ఠానం, ఇంటికి అరుగు లాంటిది. గోడని పాదమంటారు. పైన మెడలా నొక్కినట్టుండేది గ్రీవం. తల శిఖరం. ఈ నాలుగు పేర్లూ తెలిస్తే చాలు, ఏ గుడి ముందైనా మీ చూపుకు ఒక దారి ఏర్పడుతుంది. రామప్పలో ఆ అరుగే ఆరడుగుల ఎత్తు ఉంటుంది. దాని మీద గుడి ఎక్కి నిలబడ్డట్టుంటుంది.

కూర్చున్నప్పుడే రంగులు చూడండి. గుడి ఒంటికి ఎర్రని ఇసుకరాయి. స్తంభాలకూ, చూరు కింద నిలబడ్డ ఆడబొమ్మలకూ నల్లశానపు రాయి. పైన విమానానికి, అంటే గర్భాలయం మీది గోపురానికి ఇటుక. ఒకే గుడికి ఇన్ని రకాల పదార్థాలు ఎందుకు వాడారు? ఇది గైడును అడగాల్సిన ప్రశ్న. ఎర్ర ఇసుకరాయి మెత్తన, త్వరగా చెక్కుకుపోవచ్చు, కానీ సన్నని పని నిలవదు. నల్లశానపు రాయి గట్టిది. చెక్కడం నరకం, చెక్కాక మాత్రం అద్దంలా నిగనిగలాడుతుంది, అంచు పోదు. సన్నని పని ఎక్కడ కావాలో అక్కడ నల్లరాయి పెట్టారు. ఇటుక సంగతి మీకు తెలిసే ఉంటుంది, నీళ్లలో తేలే ఇటుక అని. లోపలంతా బోలుబోలుగా గాలి నిండిన ఇటుక. అందరూ తేలడం గురించే మాట్లాడతారు. తేలడం దాని పని కాదండీ. కట్టినవాడికి కావాల్సింది తేలికదనం. తలబరువు తగ్గితే కింద స్తంభాల మీద, దూలాల మీద భారం తగ్గుతుంది. పునాది కూడా ఇసుక నింపి, దాని మీద కట్టిన పునాది. కింద ఇసుక, పైన తేలిక ఇటుక. నడుమ రాయిని కాపాడటానికి అడుగునా నెత్తినా చేసిన ఆలోచన ఇది. అదంతా వదిలేసి ఇటుకను బకెట్లో తేల్చి చప్పట్లు కొట్టి వచ్చేస్తే, ఆ స్థపతి బుర్రను మనం చూడనట్టే.

2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పుడు వాళ్లు చెప్పిన కారణాల్లో ఈ ఇటుకా, ఈ ఇసుక పునాదీ ఉన్నాయి. అక్కడ పెట్టిన పేరు కూడా గమనించండి. రుద్రేశ్వర ఆలయం అని రాసి, కుండలీకరణాల్లో రామప్ప అన్నారు. శాసనం మాటనూ, ఊరి మాటనూ పక్కపక్కన పెట్టారు. ఏడో తరగతి అమ్మాయి చూస్తే సంతోషించేది.

ఇప్పుడు ఆ ఆడబొమ్మల దగ్గరికి వద్దాం. మదనికలంటారు. తూర్పు, దక్షిణం, ఉత్తరం, మూడు వాకిళ్లు. వాకిలికి నలుగురు చొప్పున పన్నెండు మంది. స్తంభం నుంచి చూరు దాకా ఏటవాలుగా సాగి నిలబడ్డారు. చూస్తే చూరును వాళ్లే మోస్తున్నట్టుంటుంది. ఆ సన్నని నడుములు, పొడుగాటి కాళ్లు చూస్తే ఇంత బరువు ఎలా మోస్తున్నారా అనిపిస్తుంది. ఒకామె ఒంటి మీద పాము పాకుతోంది. ఇంకొకామె కాళ్లకు మడమ ఎత్తుగా ఉన్న చెప్పులున్నాయి. గైడు తప్పకుండా చూపిస్తాడు, "ఎనిమిది వందల ఏళ్ల కిందటే హైహీల్స్" అంటాడు. అందరూ ఫొటో తీస్తారు. నేనొకటి అడుగుతాను. ఆ చెప్పులు చూడగానే ముందుకు కదిలిపోకండి. ఆమె చేతిలో ఏముంది? ఏ పని మీద ఉంది? చెప్పులు ఎవరికి కావాలి? అడవిలో, ముళ్లలో తిరిగేవాళ్లకు కావాలి. ఆ శిల్పి తన చుట్టూ ఉన్న మనుషుల్ని చూశాడు. మనం ప్రపంచానికంటే ముందు ఏదో కనిపెట్టామని చెప్పుకోవడం కంటే, ఒక శిల్పి తన కాలపు ఆడమనిషి నడకను, ఆమె కాలి చెప్పును కూడా వదలకుండా చూశాడన్నది నాకు పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఇదే గణపతిదేవుడి దగ్గర గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 1253–54 ప్రాంతంలో నాట్యం మీద 'నృత్తరత్నావళి' రాశాడు. రాజాస్థానంలోని శాస్త్రం ఒక్కటే కాదు, దేశి నృత్యాల సంగతులు కూడా అందులో ఉన్నాయి. రామప్ప స్తంభాల మీద నాట్యకత్తెలు, మద్దెలవాళ్లు, కోలాటం వేసేవాళ్లు ఉన్నారు. మన కాలంలో నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఈ శిల్పాలూ, ఆ గ్రంథమూ ఆయనకు ఆధారాలయ్యాయి. రాతిలో ఆగిపోయిన అడుగు మళ్లీ మనిషి కాళ్లలోకి వచ్చింది. మీలో నాట్యం నేర్చుకున్నవాళ్లు ఉంటే, ఆ స్తంభాల దగ్గర ఆ భంగిమ ఒకసారి పట్టి చూడండి. బరువు ఏ కాలి మీద ఉందో అప్పుడు తెలుస్తుంది. నాకు ఆ భాగ్యం లేదు, మీరు చేసి నాకు చెప్పండి.

తట్టడం మాత్రం వద్దండీ. నా చేత్తో నేను చేసిన తప్పు కాబట్టే గట్టిగా చెప్తున్నాను. గర్భాలయ వాకిలి దగ్గర వేణుగోపాలుడి శిల్పం, తడితే స్వరాలు పలుకుతుందని చెప్పేది, ఎన్ని వేళ్లు తగిలి నున్నబడిందో చూడండి. ప్రతివాళ్లూ "నేనొక్కడినే కదా" అనుకున్నారు. చేతికున్న చెమట, నూనె రాతిని తింటాయి. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు ఎక్కడ పెట్టాలో అక్కడే పెడదాం.

లోపలికి వెళ్లేటప్పుడు నేల చూసి నడవండి, పెద్దవాళ్లు మరీ. రంగమండపం నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, కొన్ని చోట్ల కుంగింది. వాకిలి గడప దగ్గర ఒక నిమిషం ఆగి వెనక్కి చూడండి, వెలుగు ఎంత దూరం లోపలికి వచ్చి ఆగిపోతోందో. గుడిలో చీకటి కూడా కట్టిందే. బయట ఎండ, మండపంలో నీడ, మండపానికీ గర్భాలయానికీ నడుమ ఉండే అంతరాళంలో మసక, గర్భాలయంలో దీపం. కన్ను మెల్లగా అలవాటుపడేలా అడుగు అడుగుకీ వెలుగు తగ్గించుకుంటూ పోయారు. ఫోన్లో లైటు వేస్తే ఆ పనంతా ఒక్క దెబ్బకు పోతుంది.

మూడో రోజు అలంపురం. దూరప్రయాణం. ఇంకో సంగతి, మనం కాలంలో వెనక్కి కూడా పోతాం. అలంపురం గుళ్లు ఏడు, ఎనిమిది శతాబ్దాలవి, బాదామి చాళుక్యుల నాటివి. రామప్ప కంటే అయిదు వందల ఏళ్లు పెద్దవి. తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. నవబ్రహ్మలంటారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మలు. పేరు విని బ్రహ్మదేవుడి గుళ్లనుకుంటారు. లోపలికి వెళ్తే అన్నిట్లోనూ లింగమే. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేశాడని ఊరు చెబుతుంది. ఇక్కడ ఊరి మాట పేర్లలో ఉంది, రాయి మాట గర్భాలయంలో ఉంది.

అలంపురంలో శిఖరాలు చూసి ఆగండి. మనం దక్షిణాదిలో అలవాటుపడ్డ అంతస్తుల విమానాలు కావవి. కింద నుంచి వంపు తిరుగుతూ పైకి పోయి, నెత్తిన ఒక పెద్ద గుండ్రని రాయితో ముగుస్తాయి. ఆ రాయి చుట్టూ గాళ్లు పడి ఉంటాయి. దాని పేరు ఆమలకం. ఆమలకమంటే ఉసిరికాయ. మన పెరట్లో ఉసిరికాయే. ఉత్తరాది నాగర పద్ధతి శిఖరం అది. తారకబ్రహ్మ ఒక్కటి వేరుగా ఉంటుంది, ఏది తేడానో మీరే కనిపెట్టండి, నేను చెప్పను. ఉత్తరాది శిఖరం తుంగభద్ర ఒడ్డుకు ఎలా వచ్చిందంటే, బాదామి చాళుక్యులు రెండు పద్ధతులూ పక్కపక్కనే కట్టించారు. కర్ణాటకలో ఐహోళె, పట్టడకల్ వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. అవి కూడా చూసి అలంపురం వస్తే అన్నదమ్ములను చూసినట్టుంటుంది.

స్వర్గబ్రహ్మ గుడికి ఎక్కువ సమయం ఉంచుకోండి. మూలల్లో దిక్పాలకులు ఎవరి దిక్కులో వాళ్లున్నారు. దిక్సూచి ఉన్న ఫోనుంటే సరిచూసుకోవచ్చు. లోపల గర్భాలయం చుట్టూ గోడల మధ్యే ప్రదక్షిణ దారి ఉంది, రాతి జాలీల్లోంచి వెలుగు చారలు చారలుగా పడుతుంది. ఒక్కొక్కరే నెమ్మదిగా తిరగండి. గుంపుగా పోతే ఆ వెలుగు మన వీపుల మీద పడి పోతుంది.

అక్కడే కూడలి సంగమేశ్వరుడి గుడి కూడా ఉంది. అది పుట్టిన చోటు అది కాదు. కృష్ణా, తుంగభద్రా కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని విప్పి, తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే జరిపారు. దేవుడు ఊరు మారాడు. ఊరివాళ్లు కూడా మారారు, పొలాలు, ఇళ్లు నీళ్లకిచ్చి వెళ్లిపోయారు. గుడి రాళ్లకు నంబర్లున్నాయి, ఆ మనుషులకు నంబర్లు లేవు. నేను ఆ గుడి ముందు నిలబడ్డ ప్రతిసారీ ఆ మాట అనకుండా ఉండలేను. నంద్యాల జిల్లా వైపు ఇంకో సంగమేశ్వరం ఉంది, వేపమాను లింగం ఉన్నది. అది జరగలేదు. ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉండి, మట్టం తగ్గాక బయటపడుతుంది. అప్పుడు పూజారి పడవ దిగి వెళ్లి పూజ చేస్తాడు. మన యాత్రలో అది లేదు, వేసవి చివర్లో ఎప్పుడైనా వెళ్లి చూడండి.

నాలుగో రోజు లేపాక్షి. ఇక్కడ ఊరి మాట చాలా గట్టిగా వినిపిస్తుంది. జటాయువు పడిపోయిన చోటు, రాముడు "లే పక్షీ" అన్న చోటు. ఈ గుడిని పెంచి కట్టించిన విరుపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకేసి కొట్టాడన్న కథ, గోడ మీద ఎర్రమరకలు. గైడు ఆ కథలు చెప్పేటప్పుడు అడ్డు పడకండి. ఆ ఊళ్లో పుట్టినవాడి నోట ఆ కథ వినడం కూడా యాత్రే. విన్నాక "ఇది ఊరి మాట" అని మనసులో ఒక మూల పెట్టుకోండి. శాసనాలను బట్టి తెలిసేదేమిటంటే, విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, 1529కీ 1542కీ మధ్య ఆయన ఏలుబడి, విరుపణ్ణ ఈ వీరభద్రాలయాన్ని పెంచి కట్టించాడు.

వేలాడే స్తంభం దగ్గర ఎప్పుడూ వరస ఉంటుంది. కింద సందులోంచి తువ్వాలు దూర్చి అవతల లాగుతారు. మీరూ దూర్చండి, నాకేం అభ్యంతరం లేదు, పిల్లలకు సరదా. కానీ నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఆ మండపంలో అందరూ వంగి కింద చూస్తుంటారు. తలెత్తితే పైన కప్పంతా బొమ్మలు. విజయనగర కాలపు చిత్రలేఖనం ఇంత మిగిలిన చోట్లు దేశంలో చాలా తక్కువ. కప్పు మీద సున్నపు పూత పూసి, ఖనిజాల రంగులు, ఆకుల రంగులు వేశారు. కిరాతార్జునీయం ఉంది, పార్వతీ కల్యాణం ఉంది, వరాహాన్ని వేటాడే గుర్రాలున్నాయి. పెద్ద వీరభద్రుడున్నాడు, ఎదురుగా విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు పరివారంతో నిలబడి ఉన్నారు.

వాళ్ల నెత్తి మీద చూడండి, పొడుగాటి టోపీలు. కుళ్లాయిలు. శ్రీనాథుడు కన్నడ రాయల కొలువుకు పోయి కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయినట్టు చాటువొకటి ఉంది కదా, తెలుగు మాస్టార్లు చెప్పే ఉంటారు. ఆ కుళ్లాయి ఎలా ఉంటుందో నేను పాఠం చెప్పినన్నాళ్లూ చేతులతో గాలిలో గీసి చూపించేవాణ్ణి. లేపాక్షి కప్పు కింద నిలబడ్డాక ఇంక గాల్లో గీయాల్సిన అవసరం రాలేదు. ఆడవాళ్ల చీరలు చూడండి. గళ్లు, చారలు, అంచులు, కట్టు తీరు. చేనేత ఇళ్లనుంచి వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే వాళ్లను ముందు నిలబెట్టి మనం వెనక నిలబడదాం, మనకంటే వాళ్లకు ఎక్కువ కనిపిస్తుంది. ఫ్లాష్ వేయొద్దు. మెడ నొప్పి పుడుతుంది కాబట్టి చిన్న అద్దమొకటి తెచ్చుకోండి. అద్దాన్ని చేతిలో పట్టుకుని కిందికి చూస్తూ కప్పును చూడొచ్చు.

ఊరి మొదట్లో ఒంటిరాతి నంది ఉంటుంది, దాదాపు పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు. అది చూడమని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గైడుల గురించి ఒక్క మాట. మనతో వచ్చే గైడు కాక ప్రతి గుడి దగ్గరా ఊరి కుర్రాళ్లు ఉంటారు, మేం చూపిస్తామంటారు. పొమ్మనకండి. వాళ్లు చెప్పేవాటిలో లెక్కలు తప్పుండొచ్చు, కానీ ఏ మూల ఏ శిల్పం ఉందో వాళ్లకు తెలిసినంత నాకు తెలీదు. ఆవరణలో వీరగల్లు, అంటే పోరులో పడ్డ వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఎక్కడ పడుందో, శాసనపు రాయి ఎవరి ఇంటి ముందు అరుగైందో వాళ్లే చెప్పగలరు. అలాంటి రాళ్లు కనిపిస్తే పైభాగం చూడండి, సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉంటారు. సూర్యచంద్రులున్నన్నాళ్లూ ఈ దానం నిలవాలని. కింద చివర్లో, ఈ భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని శాపం ఉంటుంది. ఎన్నో శాసనాల్లో అదే శ్లోకం. శాపం పెట్టారంటే లాక్కునేవాళ్లు అప్పుడూ ఉన్నారని అర్థం.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(సభలో ఒక పెద్దావిడ: "మాస్టారూ, నేను దేవుడికి దండం పెట్టుకోవడానికే వస్తున్నాను. ఈ రాళ్లు, సంవత్సరాలు నాకెందుకు బాబూ? పైగా మోకాళ్ల నొప్పులు.")

అమ్మా, మీరు దండం పెట్టుకోండి. రామప్పలో, లేపాక్షిలో పూజలు జరుగుతున్నాయి, అలంపురంలో బాలబ్రహ్మేశ్వరుడికీ, జోగులాంబ అమ్మవారికీ జరుగుతున్నాయి. కట్టింది అందుకే. పాత శాసనాల్లో ఎక్కువ భాగం ఏముంటుందో తెలుసా అమ్మా? అఖండదీపానికి నెయ్యి కావాలి కాబట్టి ఇన్ని గొర్రెలిచ్చాం, ఇన్ని ఆవులిచ్చాం, నైవేద్యానికి ఇంత పొలమిచ్చాం అని. రాజులే కాదు, మామూలు ఇళ్ల ఆడవాళ్లూ ఇచ్చారు. మీలాంటివాళ్లే. వాళ్ల పేర్లు ఆ రాళ్ల మీద ఉన్నాయి. మేం చదువుతాం, మీరు వినండి, చాలు.

మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. రామప్పలో మెట్లు ఎత్తుగా ఉంటాయి, నా చెయ్యి పట్టుకుని ఎక్కండి. రంగమండపం చుట్టూ రాతి అరుగులున్నాయి, వీపు ఆనించడానికి ఏటవాలు రాయి కూడా పెట్టారు. కక్షాసనాలంటారు. తూర్పు వాకిలి పక్కన ఒక చోటు చూపిస్తాను. మేమంతా ఆ స్తంభాల చుట్టూ తిరిగి వచ్చేదాకా అక్కడ కూర్చోండి. ఎదురుగా నంది మండపం కనిపిస్తుంది. నంది గుడివైపు తిరిగి ఉంటుంది, అంటే మీ వైపే. ఒక చెవి రిక్కించి, పిలిస్తే లేచి వచ్చేసేలా.